చౌటా బజారులో ఎవరి జాగా

"ఆ కాగితం సర్కారోళ్ళు అంటించిన్రా? సర్కారోళ్ళకు మన దర్వాజ ఎరుకనా? అంటిపిచ్చింది ఈ ఇంట్ల బువ్వ తినేటోళ్ళే! మీరే! ఒక్కలు నోరు ఇప్పిన్రు, కడమోళ్ళు నోరు మూసుకున్నరు. గంతే తేడా!"

సంధ్య వేలు ఒక్కొక్కరి ముఖం మీదుగా నడిచింది. ముందు అత్త లింగవ్వ. తర్వాత బావ లింగమూర్తి. ఆ తర్వాత బావ భార్య, యారాలు పోశమ్మ. అక్కడ ఆగింది.

పోశమ్మ తల ఎత్తలేదు. ఒళ్ళో జరీ పోగులు, పక్కన పూసల డబ్బా. సూదికి పూస ఎక్కిస్తూనే ఉంది.

వీధి తలుపు మీద కాగితం ఇంకా తడి ఆరలేదు. పొద్దున ముగ్గురు మనుషులు నెత్తి నుంచి కాలి దాకా తెల్ల సంచులు తొడుక్కుని వచ్చారు. సంధ్య మొగుడు అంబదాస్ ముక్కులో పుల్ల పెట్టి తిప్పారు. పద్నాలుగు రోజులు ఇంట్లోవాళ్ళెవరూ గడప దాటకూడదన్నారు. పుల్ల సంగతి రేపు చెబుతామన్నారు. జిగురు పూసి, కాగితం అంటించి పోయారు. వాళ్ళు గల్లీ మలుపు తిరగకముందే ఎదురింటి కిటికీలు మూసుకున్నాయి.

దగ్గితే జబ్బేనా? సూరత్ లింబాయత్ పేటలో సాంచాల మీద, మరమగ్గాల మీద బతికే మగవాళ్ళలో దగ్గనివాడు ఎవడు? మరమగ్గం కింద లేచే దుమ్ము ఇన్నేళ్ళుగా వీళ్ళ ఊపిరితిత్తుల్లోకి పోతూనే ఉంది. ఏ శేఠూ అడగలేదు. ఈ ఏడు ఆ దగ్గు తమకూ అంటుకుంటుందేమోనని భయం పుట్టింది. అప్పుడు అందరికీ వినపడింది.

"సంధ్యా, జర మెల్లగ," అన్నాడు అంబదాస్. మూతికి తువ్వాలు కట్టుకుని లోపలి అర్ర గుమ్మంలో కూర్చున్నాడు. "గల్లంత ఇంటున్నది."

"ఇననీ! పొద్దుగాల నీ పేరు అడిగి రాసుకున్నప్పుడు ఇనలేదా? పెండ్లికొడుకు పేరు అడిగినట్టు నాలుగుసార్లు అడిగిన్రు."

"మరి గా పెండ్లప్పుడు గూడ గంత మంది రాలే నన్ను సూడనీకి," అని నవ్వాడు అంబదాస్. నవ్వు దగ్గులోకి తిరిగింది. ఆగలేదు.

లింగమూర్తి గోడ వైపు తిరిగాడు. లింగవ్వ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. పోశమ్మ పూసల డబ్బాను మెల్లగా తన వైపు లాక్కుంది.

డబ్బా కదలడం సంధ్య చూసింది.

"ఎవలో సర్వే పొల్ల అచ్చి రాసుకపోయింది," అంది లింగవ్వ. "అందరిండ్లకు పోయింది, మనింటికీ అచ్చింది."

"అచ్చింది. గప్పుడు ఇంట్ల ఎవరున్నరు? నేను బజార్ల ఉన్న. ఈయన పనికి పోయిండు. బావ పనికి పోయిండు. ఇంట్ల ఉన్నది నీ నిద్ర, అక్క సూది."

"నేను పంటె ఇల్లంత పన్నట్టేనా?"

"గదే అడుగుతున్న అత్తమ్మా. మెలకువ ఉన్నోళ్ళెవలు?"

లింగమూర్తి అటు తిరిగే ఉండి అన్నాడు. "ఎవల్దో నోరు జారింది. అయిపోయింది గద. ఇగ బియ్యం ఎట్ల, పాలెట్ల, గది సూడుండ్రి."

"బియ్యం సంగతి కాదు బావా. రేపటి నీళ్ళ సంగతి."

ఆ మాటతో ఇల్లు నిజంగా సద్దుమణిగింది.

లాక్‌డౌన్ ఎత్తేశాక చౌటా బజారు తెరిచారు కానీ సగమే తెరిచారు. ఒకనాడు ఎడమ వరుస దుకాణాలు, మర్నాడు కుడి వరుస. మామూలు రోజుల్లో ఆ సందులో చెయ్యి చాపితే ఎదుటి దుకాణం గాజులు తగులుతాయి. నవసారి నుంచి, బార్డోలీ నుంచి, వ్యారా నుంచి పెళ్ళి బట్టలకని బస్సులు దిగి వచ్చే ఆడవాళ్ళు భుజంతో భుజం తోసుకుంటూ పోవాలి. సూరత్‌లో చీర నేసేది ఒక పేటలో, రంగేసేది ఇంకో పేటలో, చమ్కీలు అతికేది మరో పేటలో. ఇంటి ఆడదాని చెయ్యి ఆ గుడ్డను పట్టుకుని చూసేది మాత్రం ఇలాంటి బజారులోనే. ఆ చెయ్యి ఆగిపోతే వెనక వరసగా అన్నీ ఆగుతాయి. అన్నీ ఆగాక మొన్ననే మళ్ళీ కుంటుతూ మొదలయ్యాయి. రాఖీ ముందుంది. ఇప్పుడు అమ్మకపోతే ఇక దివాళీ దాకా లేదు.

కుడి వరుసలో కాంతి శేఠ్ చీరల దుకాణం. దాని ముందు రాతి అరుగు. బజారులో దాన్ని ఒట్లా అంటారు. పెళ్ళై సూరత్ వచ్చిన కొత్తలో లింగవ్వ ఆ ఒట్లా మీద కూర్చుంది. మోకాళ్ళు పోయేదాకా అక్కడే కూర్చుంది. లేచేటప్పుడు ఆ జాగా పెద్దకోడలు పోశమ్మకు ఇవ్వలేదు. సూరత్‌లోనే పుట్టి, గుజరాతీ గడగడా మాట్లాడే చిన్నకోడలు సంధ్యకు ఇచ్చింది. పోశమ్మ ఏమీ అనలేదు. ఎదురు వరుసకు పోయి, ఒక గాజుల దుకాణం ముందు ఎండలో జాగా వెతుక్కుంది. ఇద్దరూ అమ్మేది ఒకటే సరుకు. సాంచాల దగ్గర మిగిలే జరీ పోగులతో ఇంట్లో అందరూ కలిసి కట్టే కుచ్చులు. రవికె వెనక తాళ్ళకు వేలాడదీసుకునేవి.

ఆ జాగాలకు పట్టా లేదు, రసీదు లేదు. దుకాణం తెరవకముందు ఒట్లా మీద నీళ్ళు జల్లి, ఊదుబత్తి ముట్టించి, పాత చీర పరిచిన ఆడదానిదే ఆ రోజు జాగా. ఒకరి ఒట్లా మీద ఇంకొకరు నీళ్ళు జల్లరు. కానీ వరుస తెరిచిన పొద్దున నీళ్ళు పడలేదంటే, ఆ రాయికి దిక్కు లేనట్టు. ఎవరు ముందు జల్లితే వాళ్ళది.

ఇవాళ బజారుకు సెలవు. రేపు కుడి వరుస.

"రేపు మీ వరుస. నాకేంది?" అంది పోశమ్మ. పొద్దుటి నుంచి ఆమె అన్న మొదటి మాట అది.

"అవ్. నీకేంది. ఎల్లుండి నీ వరుస అక్కా. గప్పుడు సూస్త నీకేందో."

సూది ఆగింది.

"నాకెందుకు బందు?" అంది పోశమ్మ. ముఖం ఎత్తి, తలుపు వైపు చూసింది. "నాకు దగ్గు లేదు. నీ బావకు దగ్గు లేదు. మా పొయ్యి వేరు, మీ పొయ్యి వేరు. ఆ అర్రకు అంటించుమని చెప్పిన గని, ఈ దర్వాజకు అంటించుమన్ననా?"

చెప్పేసింది. చెప్పేసిన సంగతి అందరికంటే ఆఖరున ఆమెకే తెలిసింది.

పోయినేడు ఈ ఇంట్లో పొయ్యిలు వేరు పడ్డాయి. ముందు గదిలో పెద్దవాళ్ళ పొయ్యి, లోపలి అర్రలో చిన్నవాళ్ళ పొయ్యి. రేషన్ కార్డులు రెండు, గ్యాసు బండలు రెండు, ఉప్పు డబ్బాలు రెండు. పొయ్యి వేరు పడిందంటే ఇల్లు వేరు పడ్డట్టే. ఊళ్ళో అంతే, లింబాయత్‌కు వలస వచ్చిన మన తెలంగాణవాళ్ళలోనూ అంతే. పోశమ్మ లెక్కలో ఇవి రెండిళ్ళు. ఒక ఇంటికి కాగితం పడితే రెండో ఇల్లు పొద్దున్నే లేచి బజారుకు పోతుంది. అంటించేవాళ్ళు పొయ్యిలు చూడరు. వీధి తలుపు చూస్తారు. అది ఒక్కటే ఉంది.

లింగమూర్తి లేచి నిలబడ్డాడు. "నువ్వే చెప్పినవా? నా తమ్మున్ని రోగమోడని నువ్వే చెప్పినవా?" చెయ్యి పైకి లేచింది.

"అరే పెద్దోడా! దించు చెయ్యి!" లింగవ్వ అరిచింది.

"అన్నా, ఆగు," అన్నాడు అంబదాస్. "వదినెను కొడితె పోలీసోళ్ళు అస్తరు. వాళ్ళు గూడ ఇదే దర్వాజకు ఇంకో కాగితం అంటిస్తరు. జాగ సాలదు."

చెయ్యి దిగింది.

"నా దగ్గు గంతగనం ఇనవడుతదా వదినా?" అని అడిగాడు అంబదాస్. ఈసారి గొంతులో వేళాకోళం లేదు.

"నీ మీద నాకేం లేదయ్యా. నీ మీద నాకేం కోపం లేదు."

"మరి ఎవరి మీద?"

పోశమ్మ జవాబు చెప్పే అవసరం రాలేదు. సంధ్య ఫోను మోగింది. కాంతి శేఠ్.

సంధ్య స్పీకరు నొక్కి ఫోనును నేల మీద, నలుగురి మధ్య పెట్టింది. ఆయన గుజరాతీలో మాట్లాడాడు. తియ్యగా మాట్లాడాడు. ఎప్పుడూ అంతే.

"సంధ్యాబెన్, కబురు తెలిసింది. ఆరోగ్యం చూసుకో. మిగతా చింత పెట్టుకోకు."

"శేఠ్‌జీ, పద్నాలుగు రోజులు నా జాగా ఆపండి. పుల్ల సంగతి రేపు తెలుస్తుంది. మాకేం లేదు."

"ఆపేవాణ్ణే బెన్. కానీ రాఖీ ముందు ఒట్లా ఖాళీగా ఉంటే దుకాణం బోసిపోతుంది. ఆడవాళ్ళు ఆగేది నీ కుచ్చుల దగ్గరే కదా. ఆగితేనే లోపలికి తొంగి చూస్తారు. నువ్వు లేకపోతే నీళ్ళలా జారిపోతారు. రేపు ఎవరో ఒకరు కూచోవాలి. నీ జేఠానీని పంపించు."

"ఎవరిని?"

"నీ తోటికోడలినే. పోయినవారం వచ్చి అడిగింది కదా. నీకు రావడం పడకపోతే ఆ జాగా తనకిమ్మంది. గుజరాతీ రాదు పాపం, వచ్చీరాని హిందీలో, చేతులతో చెప్పింది. సరే అన్నాను."

సంధ్య కళ్ళు పోశమ్మ మీద ఉన్నాయి. "ఆమె కూడా ఇదే తలుపు లోపల ఉంది శేఠ్‌జీ."

"అలాగా? మీవి రెండిళ్ళని నాతో చెప్పిందే!" అటు నుంచి చిన్న నవ్వు. "సరే, ఇంటి గొడవ ఇంట్లో తేల్చుకోండి. పొద్దున నీళ్ళు పడకపోతే నన్ను అనకూడదు. అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారు."

ఫోను ఆగిపోయింది.

ఆ రాయి ఆయన తాత చెక్కింది కాదు. దుకాణం హద్దు దాటి సందు మీదికి జరిగిన రాయి. దానికి ఆయన కిరాయి తీసుకుంటాడు. దాని మీద ఎండకూ వానకూ కూర్చున్న ఆడది గిరాకీని ఆపి ఇస్తే, ఆ గిరాకీని లోపలికి లాక్కుని చీర అమ్ముతాడు. ఆ తర్వాత జాగా ఇచ్చానని దయ చూపిస్తాడు. ఒక కోడలికి సరే అంటాడు, ఇంకో కోడలికీ సరే అంటాడు. ఇద్దరూ కొట్టుకుంటే ఇంటి గొడవ అంటాడు. ఇలాంటి సరేలతోనే ఆ బజారు నడుస్తోంది.

"అడిగినవా అక్కా?"

"అడిగిన." పోశమ్మ ఒళ్ళోంచి జరీ పోగులు దులిపేసింది. "అవ్, అడిగిన. ఏం జేస్తవ్? ఏడేండ్ల సంది ఎండల కూసుంటున్న. మాపు దాక పొద్దు నా మొకం మీదనే. నీ దిక్కు నీడ. ఒక్క బుట్టల సరుకు సగం సగం తీసుకపోతం. నేను కట్టిన కుచ్చులు నీ తాన అమ్ముడు పోతయ్. నా తాన అవే కుచ్చులు మాడిపోతయ్."

"నేను నీ గిరాకి గుంజుకున్ననా? ఒక్కనాడన్న ఇటు రమ్మని కేకేసిన్నా?"

"కేకేస్తే గూడ మంచిగుండు! తిట్టుకుందును. నువ్వు కేకెయ్యవ్. ఊకనే కూసుంటవ్. వాళ్ళే అస్తరు." పోశమ్మ ముందుకు జరిగింది. "ఒకనాడు మీ వరుస, ఒకనాడు మా వరుస అన్నప్పుడు నేను మొక్కుకున్న తెల్సునా? మీ వరుస బందున్న నాడన్న నా తానకు అస్తరని. అచ్చిన్రు. అచ్చి, నా కుచ్చులు చేతుల పట్టుకొని, నా మొకం సూసుకుంట ఏమడిగిన్రు? 'సామ్నేవాలీ బెన్ కిధర్ హై?' ఎదురుంగ కూసునే ఆమె ఏదని! నా సరుకు పట్టుకొని నీ జాడ అడుగుతరు! 'కల్ ఆయేగీ' అన్న. నా నోటితోని నేనే చెప్పిన, రేపస్తదని. సరుకు ఆడ పెట్టి పోయిన్రు."

పోశమ్మ పూసల డబ్బా మూత గట్టిగా మూసింది.

"అగో, గానాడే ఇంటికచ్చి అనుకున్న, రేపు రాకుంటె మంచిగుండని. తెల్లారి సర్వే పొల్ల అచ్చి ఎవలన్న దగ్గుతున్నరా అనడిగింది. దగ్గుతున్నరన్న. అబద్ధం చెప్పిన్నా?"

"అబద్ధం చెప్తెనే నయముండు," అన్నాడు లింగమూర్తి.

"నువ్వు మాట్లాడకు! నీ అవ్వ నన్ను దాటేసి చిన్నదానికి జాగ ఇచ్చిన నాడు మాట్లాడలే. ఇప్పుడేంది నీకు నోరు?"

లింగమూర్తి కూర్చున్నాడు. కాసేపటికి, ఎవరితో అన్నట్టు కాకుండా అన్నాడు. "మా సాంచాల శేఠ్ మొన్ననే చెప్పిండు. బజార్ల గుడ్డ కదులుతె సాంచాలు ఉంటయ్, లేకుంటె కరెంటు తీసేస్త అని. మీరిద్దరు ఒక రాయి కోసం కొట్లాడుతున్రు. ఆ సందు ఆగిపోతె నేను యాడ కూసోవాలె?"

ఆయన మాట ఎవరూ పట్టించుకోలేదు. అసూయ ఉన్న ఇంట్లో రేపు తిండి పోతుందన్న మాట కూడా చిన్నగానే వినపడుతుంది.

"బాష నీదే, నీడ నీదే, జాగ నీదే," అంది పోశమ్మ. "నాకేం మిగిలింది?"

సంధ్య నవ్వింది. మంచి నవ్వు కాదు.

"నీకేం మిగిలిందా? అత్తమ్మ బువ్వ తినే తల్లె ఎవల పొయ్యి కాడ ఉన్నది?"

లింగవ్వ తల ఎత్తింది.

"పొయ్యిలు ఏరువడ్డ నాడు అత్తమ్మ అన్నం తల్లె తీసుకొని ఎటు పోయింది? నీ దిక్కు పోయింది. వెనక్కు తిరిగి గూడ సూడలే. గప్పటి సంది రోజు ఇంటికచ్చి, కాళ్ళు గుంజుతున్నా కూర వండుత. 'అత్తమ్మా, జర రుచి సూడు' అంట. 'కడుపు నిండింది బిడ్డా' అంటది. ఎవల చేతి బువ్వతోని నిండింది? నాకు రాయి ఇచ్చింది. నీకు మనిషినిచ్చింది. నేను నిద్రల గూడ అదే ఏడుస్తున్న. నీకు కానత్తలేదు!"

పోశమ్మ ఆమెను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. ఇన్నేళ్ళలో ఎన్నడూ తన దగ్గర ఇంకొకరు కుళ్ళుకునేదేదో ఉందని ఆమెకు తోచలేదు. తోచేసరికి జాలి కలగలేదు. బేరం తోచింది.

"తీసుకపో! ఆ తల్లె ఇప్పుడే తీసుకపో. నీ పొయ్యి కాడ పెట్టుకో. జాగ నాకియ్యి."

"నువ్వు ఇస్తవా? ముందుగాల్ల తల్లె ఇటు వట్టు!"

"అరే!" లింగవ్వ గొంతు చీలిపోయింది. "నన్ను కుచ్చుల లెక్క పంచుకుంటున్రా? ఒకదానికి రంగు, ఒకదానికి పూస?"

ఇద్దరూ ఆగారు. లింగవ్వ ఇంకేదో అంటుందని చూశారు. అనలేదు. కొంగుతో మోకాలు తుడుచుకుంటూ కూర్చుంది. ఏడేళ్ళుగా ఆమె చేస్తున్నది అదే. ఇచ్చింది, ఎందుకిచ్చిందో చెప్పలేదు. తిన్నది, ఎందుకు అక్కడే తిన్నదో చెప్పలేదు. కోడళ్ళిద్దరూ ఆ మౌనంలోంచి చేతికందిన విషాన్ని తోడుకున్నారు.

కిటికీలోంచి ఎండ ముందు గది సగం దాకా వచ్చింది. అంబదాస్ మళ్ళీ దగ్గాడు. సంధ్య లేచి చెంబుతో నీళ్ళిచ్చింది. వెనక్కు వచ్చి ఫోను నేల మీది నుంచి తీసి పోశమ్మ ఒళ్ళో పడేసింది.

"నర్సవ్వకు చెయ్యి."

"ఎందుకు?"

"చెయ్యి అంటున్న!"

నర్సవ్వ బజారు మొదట్లో పిన్నులూ రిబ్బన్లూ అమ్ముతుంది. ఒట్లాల మీద కూర్చునే మనవాళ్ళలో అందరికంటే పెద్దది. పోలీసు కర్రతో వచ్చినా, రెండు వరుసల ఆడవాళ్ళూ ముందు ఆమె ముఖమే చూస్తారు.

"కాగితం వడ్డ ఇంటి జాగ మీద ఎవ్వలు నీళ్ళు జల్లొద్దని చెప్పు," అంది సంధ్య. "ఏ శేఠ్ పిలిచినా ఏ పొల్ల పోవద్దు. నాది గాదు, నీది గాదు, ఎవల ఇల్లయినా సరే. ఇయ్యాల మనకు వడ్డది. రేపు ఇంకొగలకు వడ్తది. ఒక్కొక్క కాగితానికి ఒక్కొక్క జాగ గుంజుకుంట పోతె, దివాళీ దాక ఆ బజార్ల మనోళ్ళు మిగుల్తరా? శేఠ్ ఇన్నవు గద? మనం కూసుంటెనే గిరాకి ఆగుతదని ఆయన నోటితోని ఆయనే చెప్పిండు. మనం కూసోకుంటె ఏమైతదో గూడ సూడనీ!"

"నువ్వే చెప్పు. నీకు మాటలత్తయ్."

"నేను చెప్తె నా జాగ కోసం ఏడుస్తుందంటరు. నువ్వు చెప్పాలె. కాగితం ఎట్ల వడ్డదో గది గూడ నువ్వే చెప్పాలె."

"నా ఇజ్జత్ పోతది సంధ్యా."

"పోనీ. నా మొగని పేరు గల్లంత పోయింది. నీ ఇజ్జత్ గూడ జర తిరిగి రానీ."

పోశమ్మ మొగుడి వైపు చూసింది. ఆయన చూడలేదు. అత్త వైపు చూసింది. ఆమె మోకాలు తుడుచుకుంటోంది. నంబరు నొక్కింది.

"ఏమే పోశీ!" నర్సవ్వ గొంతు ఇల్లంతా నిండింది. "బతికున్నవా? మీ ఇంట్ల అందర్ని బండ్లె ఎక్కిచ్చుకపోయిన్రని ఒకతి, సీలు ఏసిన్రని ఒకతి. ఏంది ముచ్చట?"

"నర్సవ్వత్తా." పోశమ్మ ఫోను రెండు చేతులతో పట్టుకుంది. "నా మరిది దగ్గుతున్నడని నేనే చెప్పిన. సంధ్య జాగ మీద కన్నువడి చెప్పిన. ఆ జాగ నాకియ్యుమని కాంతి శేఠ్‌ను గూడ అడిగిన, సరే అన్నడు. వాళ్ళ అర్ర ఒక్కటే బందువెడతరనుకున్న. ఇల్లంత బందువెట్టిన్రు."

అటు వైపు గిన్నె తోముతున్న చప్పుడు ఆగింది.

"నీ నోట్ల మన్నువడ!" అంది నర్సవ్వ. "శబాష్! పక్కదాన్ని కిందికి తోద్దామని నువ్వు కూసున్న కొమ్మనే నరుక్కుంటివి గదనే. సంధ్య ఆడ్నే ఉన్నదా?"

"ఉన్న," అంది సంధ్య.

"తన్నినవా దాన్ని?"

"ఇంక లేదు."

"తర్వాత తన్ను. ముందుగాల్ల పని చెప్పు."

పోశమ్మ చెప్పింది. తడబడింది, మళ్ళీ మొదలుపెట్టింది, కానీ చెప్పింది. కాగితం పడ్డ ఇంటి జాగా మీద ఎవ్వరూ నీళ్ళు జల్లకూడదు. రెండు వరుసల వాళ్ళూ ఒక్క మాట మీద ఉండాలి. పిలిచే శేఠ్ ఎవడైనా వాని ఒట్లా ఖాళీగానే ఉండాలి.

నర్సవ్వ గిన్నె పక్కన పెట్టిన చప్పుడైంది.

"మంచి మాటనే. అందరికి చెప్త. నాకూ భయమే, రేపు నా దర్వాజకు పడదని ఏముంది? గని పోశీ, ఉత్త మాటతోని రాయి ఆగదు. మీ వరుసకు ఇంక ఒకనాడు టైమున్నది, నీ జాగ సంగతి తర్వాత సూద్దాం. కాంతి శేఠ్ ఒట్లా తెల్లారితె ఉన్నది. ఆయన ఇప్పటికే ఎవల్నో పిలిచిండు. గందుకే పొద్దుగాల నేనే పోయి ఆ రాయి మీద నీళ్ళు జల్లుత. ఈ జాగ ఫలాన ఆమెది, ఆమె అచ్చేదాక నేను ఆపుతున్న అని పది మంది ముంగట చెప్త. పేరు కావాలె."

"ఏం పేరు?"

"ఎవల జాగ అని చెప్పాలె? నీ పేరా, సంధ్య పేరా?"

సంధ్య అంది, "నాదే గదా అత్తా!"

"ఉండే, నిన్నటి దాక నీదే. గని ఇది శేఠ్ తాన పోయి అడిగింది, ఆయన సరే అన్నడు. రేపు నేను నీ పేరు చెప్తె ఆయన దీని పేరు చెప్తడు. దీని పేరు చెప్తె నువ్వు ఊకుంటవా? మీరిద్దరు రెండు మాటలంటె మూడోది కూసుంటది. ఆ రాయి మొదలు లింగవ్వది. లింగవ్వ ఎవల పేరు అంటె అది ఖాయం. బజార్ల ఎవ్వలు కాదనరు. లింగవ్వను చెప్పుమను."

అందరూ లింగవ్వ వైపు తిరిగారు. గుమ్మంలో అంబదాస్ తువ్వాలు కిందికి లాగి మరీ చూశాడు.

"ఇద్దరి పేర్లు చెప్పుమను," అంది లింగవ్వ, నేల వైపు చూస్తూ.

"ఇనవడ్డది," అంది ఫోనులో నర్సవ్వ. "ఇద్దరి పేర్ల మీద నీళ్ళు జల్లుడు నేనెన్నడు సూడలే లింగవ్వా. ఒక్క పేరు చెప్పు."

లింగవ్వ పెదవులు కదిలాయి. మోకాలి మీద కొంగు మళ్ళీ తిరగడం మొదలుపెట్టింది.

పోశమ్మ ముందుకు వంగి ఆ చెయ్యి పట్టుకుంది. గట్టిగానే పట్టుకుంది. ఫోను అత్త ముఖం దగ్గర పెట్టింది. ఆమె పక్కన, ఇందాకటి దాకా వేలు చూపించిన సంధ్య కూడా మోకాళ్ళ మీద కూర్చుంది.

"నన్ను కాదని దానికిచ్చినవ్. ఎందుకో చెప్పలే. నా చేతి బువ్వ తిన్నవ్. ఎందుకో దానికి చెప్పలే," అంది పోశమ్మ. "నా పేరు చెప్పకున్న సరే. దాని పేరే చెప్పు, నేను ఇంట. గని నువ్వు ఊకుండుడు ఇయ్యాల్టితోని బందు. ఫోన్ల మనిషున్నది. మేమిద్దరం నీ మొకమే సూస్తున్నం. పేరు చెప్పు అత్తమ్మా. ఎందుకో గది గూడ చెప్పు. ఇప్పుడే చెప్పు."